ఎవరి గళ్లు కట్టుకోవాలి?

మా తమ్ముడు మర్డోకి ఏదీ తేల్చుకోవడం చేతకాదు. బిస్కట్ల పెట్టె ముందు కూడా ఏది తీసుకోవాలో తెలియక చెయ్యి గాల్లో ఆపి నిలబడే రకం. స్కాట్లాండులో మా డోర్నీ చుట్టుపక్కల ఊళ్లకు ఉత్తరాల బండి నడుపుతాడు, అందుకని అందరూ పోస్టు మర్డో అంటారు. ఎవరి ఉత్తరం ఏ గుమ్మంలో వేయాలో మాత్రం ఎన్నడూ తడబడలేదు. సొంత విషయం వచ్చేసరికే వాడి బుర్ర మొరాయిస్తుంది.

అలాంటివాడు ఒక్క సంగతిలో మాత్రం ఎవరి మాటా వినడు. ఆవపిండి రంగు మేజోళ్లు తనే అల్లుకుని, ఎండాకాలం చలికాలం అని లేకుండా అవే తొడుక్కుంటాడు. మగాడివై ఉండి ఊలు సూదులేంట్రా అని పడవల రేవు దగ్గర ఎంత వెక్కిరించినా నవ్వేసి ఊరుకుంటాడు. కూతురు ఊనా చిన్నప్పుడు దానికీ అవే అల్లి బడికి పంపించేవాడు. పాపం, అది ఏడుస్తూ ఇంటికొచ్చేది.

ఊనా వాడి సొంత కూతురు కాదు. వాడి పెళ్లాం ఎఫీకి మొదటి మొగుడు ఫార్కర్ మక్రే. రొయ్యల పడవ మీద వెళ్లి తుపానులో తిరిగి రాలేదు. అప్పటికి ఊనా ఇంకా పాకుతోంది. మావాడు ఆ ఇంటికి ఉత్తరాలిచ్చేవాడు. ఉత్తరం లేని రోజు కూడా ఆ గడప తొక్కేవాడని ఊరంతా గుసగుసలాడింది. రెండేళ్ల తర్వాత ఎఫీ వాణ్ణి పెళ్లాడింది. ఊనా వాణ్ణి ఎప్పుడూ మర్డో అనే పిలిచేది. అలా ఎందుకని వాడూ అడగలేదు. పొయ్యి మీది అరలో ఫార్కర్ ఫోటో ఉంటుంది, దాని దుమ్ము తుడిచేది కూడా మావాడే.

ఇప్పుడా పిల్లకి పెళ్లి కుదిరింది. "మర్డో, చర్చిలోకి నా చెయ్యి పట్టుకుని నువ్వే తీసుకెళ్లాలి" అంది. తండ్రి చేయాల్సిన పని అది. వీడు అలాగే అని తలూపి, బయటికొచ్చి బండిలో కూర్చున్నాడట. ఇంజను మాత్రం తిప్పలేదట. మా దగ్గర పెళ్లికి మగాళ్లు కిల్ట్ అనే గళ్ల పావడా కడతారు, వంశానికో రంగు గళ్లు. ఆ మర్నాడే నా వంటింట్లోకి వచ్చి పడ్డాడు.

"అక్కా, నేను ఎవరి గళ్లు కట్టుకోవాలే?"

"ఎవరివేంట్రా? మన నికల్సన్లవి. నాన్న కిల్ట్ పెట్టెలో మూలుగుతోంది. చిమటలు తినకముందే తియ్యి."

"అది ఎర్రగా ఉంటుందే. జొహానమ్మ ముందు వరసలో కూర్చుంటుంది. ఆవిడ కొడుకు నిలబడాల్సిన చోట నేను అంత ఎర్రగా నిలబడితే ఆ ముసలి ప్రాణం ఏమైపోతుంది?"

జొహానమ్మంటే ఫార్కర్ తల్లి. ఆవిడ మాట ఎత్తేసరికి నేనూ కాస్త తగ్గాను.

"పోనీ మక్రేల ఆకుపచ్చ గళ్లు కట్టుకోనా?"

"నీ ఒంట్లో మక్రే రక్తం చుక్కైనా ఉందా?"

"లేదు."

"మరి ఏ మొహం పెట్టుకుని కడతావురా?"

"అందుకే కదే నిన్ను అడుగుతున్నా!"

అక్కడితో ఆగాడా? పాదిరిని అడిగాడు. ఆయన దేవుడికి అన్ని గళ్లూ ఒకటేనన్నాడు. పబ్బులో అడిగితే తలో మాటా చెప్పి, చివరికి వాళ్లలో వాళ్లే కొట్టుకోబోయారు. ఎఫీని అడిగితే, "నీ ఇష్టం మర్డో" అంది. పెళ్లాం నీ ఇష్టం అన్నాక మొగుడికి ఇంకేం మిగులుతుంది?

ఇది చాలదన్నట్టు ఒక సాయంత్రం జొహానమ్మ కాగితంలో చుట్టిన మూటొకటి తెచ్చి మర్డో ఇంట్లో బల్ల మీద పెట్టింది. ఫార్కర్ కిల్ట్. "ఊరికే పెట్టెలో పడుంది, అబ్బాయ్" అని ఒక్క ముక్క అని, టీ కూడా తాగకుండా వెళ్లిపోయింది. మర్డో, ఎఫీ, నేను ముగ్గురం ఆ మూట చుట్టూ కూర్చున్నాం. కట్టుకోమని ఇచ్చిందా, దాచుకోమని ఇచ్చిందా, లేక వీడు కట్టుకునేంత తెగిస్తాడా అని చూడ్డానికిచ్చిందా?

"వెళ్లి అడుగు ఎఫీ, మీ అత్తగారే కదా" అన్నాను.

"ఆవిడ మనసులో ఏముందో నాకు పెళ్లయిన నాటి నుంచీ తెలీదు. ఇప్పుడు తెలుస్తుందా?"

మర్డో దాన్ని నడుముకి చుట్టి చూశాడు. ఫార్కర్ సన్నటి మనిషి. పక్కనున్న పట్టీలు బకిల్సుకి జానెడు దూరంలో ఆగిపోయాయి. వాడు దాన్ని విప్పి, మడత మీద మడత సరిచేసి, మళ్లీ అదే కాగితంలో చుట్టాడు. ఆవిడ దాన్ని ఎందుకు తెచ్చిందో ఈరోజుకీ మాకెవరికీ తెలీదు.

చివరికి నన్ను వెంటబెట్టుకుని ఇన్వర్నెస్ పట్నానికి బయల్దేరాడు. అక్కడ పెళ్లి బట్టల కొట్లో కుర్రాడు వెండి గుండీల నల్లకోటు తొడిగాడు, విప్పాడు. పొట్టికోటు తొడిగాడు. తోలుతో కుట్టిన కిల్ట్ కూడా చూపించాడు. కుర్రకారు బూట్ల మీదికి మేజోళ్లు జార్చుకుని కడుతున్నారట. అద్దంలో తమ్ముడి మొహం చూస్తే జాలేసింది. ఏ బట్టలోనూ వాడు వాడిలా లేడు. వాడికీ ఆ సంగతి తెలుస్తోంది, ఎందుకో మాత్రం అంతుచిక్కడంలేదు.

"ఇది చూడండి సార్, బూడిద రంగు" అన్నాడు కుర్రాడు. "ఏ వంశానికీ చెందదు. ఇది కడితే ఎవరికీ కోపం రాదు."

అంతే, పని అయిపోయింది. ఎవరికీ కోపం రాకుండా బతకడమే కదా మావాడి జన్మకి కావలసింది! బూడిద కిల్ట్, బూడిద కోటు, తెల్లటి మేజోళ్లు, అన్నీ అద్దెకి తీసుకున్నాడు. దారంతా నేను వాడి మీద ఒంటికాలి మీద లేచాను.

"అది కట్టుకుని ఎవరి తరఫున నిలబడతావురా? అద్దె కారు డ్రైవరనుకుంటారు!"

"అనుకోనీలే అక్కా."

పెళ్లిరోజు మర్డో, నేను ఉత్తరాల బండిలో ముందే వెళ్లి చర్చి గుమ్మంలో నిలబడ్డాం. కాసేపటికి కారొచ్చి ఆగింది. ఊనా దిగింది. తెల్ల గౌను, చేతిలో పువ్వులు. ఆ పువ్వుల కాడల చుట్టూ ఆకుపచ్చ గళ్ల పేలిక చుట్టి ఉంది. నేను గౌను అంచు ఎత్తి పట్టుకోబోతుంటే అది మర్డోని చూసి ఠక్కున ఆగిపోయింది.

"ఇదేంటి?"

"బాలేదా?" అన్నాడు మర్డో.

"ఎవరిది ఈ బూడిద?"

"ఎవరిదీ కాదమ్మా. అందుకే..."

ఊనా పువ్వులు పైకెత్తింది. "ఇదిగో, మా నాన్న ఈ చేతిలో ఉన్నాడు. ఆయన మఫ్లరు కత్తిరించి నానమ్మే ఇచ్చింది. ఈ రెండో చెయ్యి నీకని ఖాళీగా ఉంచాను. మరి నువ్వెక్కడ?"

మర్డో వంగి తన బూడిద కిల్ట్ వంక చూసుకున్నాడు.

"ఊరందరినీ అడిగావట. నన్ను ఒక్కసారైనా అడిగావా?"

"భయమేసింది."

"నేనంటే భయమా?"

"నావి వద్దంటావేమోనని."

ఊనా కళ్లల్లో నీళ్లు తిరిగాయి, కానీ దాని గొంతు మాత్రం అచ్చం నా గొంతే. "నీ మొహం! పో, వెళ్లి నీవి కట్టుకుని రా. ఆ పసుపు మేజోళ్లు కూడా వేసుకో. బళ్లో అందరిచేతా నవ్వించుకున్నాను నేను వాటివల్ల. ఇవాళ నీ వంతు."

నేను ఉత్తరాల బండి తోలుకొచ్చాను. వాడు ఎక్కాడు. వాడింట్లో నాన్న పెట్టె తెరిస్తే గదంతా కర్పూరం వాసన. పట్టీలు చివరి చిల్లులో పడ్డాయి. నేను బండి తిప్పేలోపు మేజోళ్లు ఎక్కించి, నడుము ముందు తోలు సంచి వేలాడదీసి, కిల్ట్ అంచుకి నాన్న వెండి పిన్ను గుచ్చుకుని పరిగెత్తుకొచ్చాడు. పైన మాత్రం ఆ అద్దె బూడిద కోటే. ఎర్ర గళ్లు, పసుపు కాళ్లు, బూడిద కోటు. చూడ్డానికి నా తమ్ముడిలాగే ఉన్నాడు.

చర్చిలో బ్యాగ్‌పైపు వాయించే ఆయన పాట అయిపోయి మళ్లీ మొదలుపెట్టాడు. జనం వెనక్కి తిరిగారు. జొహానమ్మ కూడా తిరిగి, వాడి కాళ్ల వంక చూసి, "దేవుడా, ఆ మేజోళ్లు!" అని పైకే అంది.

ఊనా వాడి చెయ్యి పట్టుకుని అడుగేసింది. మర్డో అడుగు సగంలోనే ఆగింది. మళ్లీ వేశాడు, మళ్లీ అంతే. గౌను అంచు పట్టుకుని వెనకున్న నేను మోకాలు పట్టేసిందేమో అనుకున్నాను. తీరా వంగి చూస్తే ఆ పిన్ను! కిల్ట్‌కి ముందు రెండు పొరలుంటాయి, పై పొరకే గుచ్చాలిరా అని చిన్నప్పుడు నాన్న మొట్టికాయలు వేసి మరీ నేర్పాడు. ఈ తొందరలో రెండు పొరలకీ కలిపి గుచ్చేశాడు సన్నాసి. ఇక కిల్ట్ విచ్చుకోదు, కాలు సాగదు.

ఊనా కూడా చూసింది.

"తీసేస్తా ఉండు" అన్నాడు మర్డో, చెవులు ఎర్రబడిపోయి.

"ఉండనీ" అంది ఊనా మెల్లగా. "నాకు నడక నేర్పినప్పుడు నువ్వూ ఇట్లాగే బుడిబుడి అడుగులేసేవాడివట. ఉత్తరాల సంచి గుమ్మంలో పడేసి మరీ. అమ్మ చెప్పింది."

వాడు పిన్ను మీంచి చెయ్యి తీసేశాడు. ఇద్దరూ చిన్న చిన్న అడుగులేసుకుంటూ ముందు వరస దాకా వెళ్లారు. నా చేతుల్లో గౌను ఉంది కాబట్టి ముక్కు తుడుచుకోవడం కూడా కుదరలేదు.