మిషను వద్ద

కూరగాయల మార్కెట్లో ఆయన వేలం వేసేవాడు. పొద్దున్నే లారీలు సరుకు దించగానే బస్తాల మీదికెక్కి ధర అందుకునేవాడు. ఆ గొంతు గేటు దాకా వినిపించేది. మార్కెట్లో అందరూ ఆయన్ని ‘మైకు’ అనేవారు. ఇంట్లోనూ అంతే. ఉప్పు అందుకోమన్నా చాటింపు వేసినట్టుండేది.

భార్య పని చెవులతో. ఆసుపత్రి డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు హెడ్‌ఫోన్‌లో విని, ఇంట్లోనే కూర్చుని కంప్యూటర్లో టైపు చేసేది. కాలి కింద ఒక పెడల్. తొక్కితే మాట ఆగుతుంది, మళ్లీ తొక్కితే సాగుతుంది.

“నా పని నడవాలంటే ముందు మీ నోటికి తాళం వెయ్యాలి” అనేది నవ్వుతూ. ఆ మాట అన్నందుకు తర్వాత చాలాసార్లు నాలుక కరుచుకుంది.

మొదట ఆయన చేతిలోంచి పెన్ను జారింది. తర్వాత చొక్కా గుండీలు మొండికేశాయి. కాళ్లు పోయాయి, ఆ పైన గొంతు పోయింది. కండరాలు ఒక్కొక్కటే చచ్చుబడే జబ్బన్నాడు డాక్టరు. మందు లేదన్నాడు. “బుర్ర మాత్రం చివరిదాకా చెక్కుచెదరదు” అన్నాడు. ఓదార్పుకి అన్నాడో, శిక్ష వినిపించాడో ఆమెకు తెలియలేదు.

కుడి చూపుడువేలు ఒక్కటే మిగిలింది. ఆసుపత్రిలో మాట నేర్పే టీచరు ఆ వేలి కోసం ఒక గుండ్రటి బటన్ ఇచ్చింది. దాన్ని కంప్యూటరుకి తగిలిస్తే తెర మీద అక్షరాల వరసలు ఒక్కొక్కటే వెలుగుతాయి. కావలసిన వరస దగ్గర నొక్కాలి, అందులో అక్షరం దగ్గర నొక్కాలి, తర్వాత గుణింతం. చివర ‘చదువు’ అన్న గడి నొక్కితే కంప్యూటరు పైకి చదువుతుంది. ఆ చదివేది ఆడగొంతు. ఆయన మొదట రాయించిన మాట: “చివరికి నీ గొంతే గెలిచింది.” ఆమె పడీపడీ నవ్వి, వంటింట్లోకి వెళ్లి ఏడ్చి వచ్చింది.

ఇంట్లో ఉన్నది ఒకటే కంప్యూటరు. దానికి రెండు తెరలు పెట్టారు, ఒకటి ఆమె బల్ల మీద, ఒకటి ఆయన మంచం ఎదురుగా. తిప్పలు అక్కడ మొదలయ్యాయి. హెడ్‌ఫోన్ తగిలించగానే ఆయన మాటలు గదిలో వినపడకుండా ఆమె చెవుల్లోకి వచ్చేవి. డాక్టరు ఎవరిదో కాలేయం గురించి చెబుతుంటే మధ్యలో ఆడగొంతు “దురద” అనేది. అది ఒక్క పూటలోనే సర్దుకుంది. సెట్టింగుల్లో ఆయన మాటకి స్పీకరు, ఆమె పనికి హెడ్‌ఫోన్ అని విడదీసింది.

బటన్‌కీ పెడల్‌కీ మధ్య పేచీ మాత్రం తెగలేదు. ఆయన వేలు కదిపితే ఆమె చెవుల్లో డాక్టరు టక్కున ఆగిపోయేవాడు. ఆమె పెడల్ తొక్కితే ఆయన తెర మీద ఏదో ఒక అక్షరం పడేది. ‘నీళ్లు’ అనబోతే ‘నీటబ’ అని వచ్చేది. ఉత్తప్పుడైతే నవ్వుకోవచ్చు, గొంతెండిన మనిషి అడుగుతుంటే నవ్వెలా వస్తుంది? పైగా ఆయన వేలికి సత్తువ ఉండేది పొద్దున పూటే. ఆమెకు ఫైళ్లు వచ్చేదీ అప్పుడే. మధ్యాహ్నానికి ఆ వేలు కూడా చేతులెత్తేసేది.

ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. రెంటినీ వేరే వేరే పోర్టులకి మార్చింది. మధ్యలో ఉన్న హబ్ తీసేసి నేరుగా తగిలించింది. వాటిని నడిపే డ్రైవర్ ప్రోగ్రాములు తొలగించి మళ్లీ వేసింది. పట్టువదలకుండా రోజూ కాసేపు దాంతో కుస్తీ పట్టేది.

అలా ఉండగా డాక్టరు కొత్త సంగతి చెప్పాడు. ఊపిరితిత్తుల్ని ఆడించే కండరాలు నీరసిస్తున్నాయి. గొంతుకి కోత పెట్టి, గొట్టం వేసి, ఊపిరి మిషను పెడితే ఇంకొంతకాలం నడుస్తుంది. మీరే నిర్ణయించుకోండి అన్నాడు. ఆయన చెల్లెలు పరుగున వచ్చింది. “ఇందులో ఆలోచించడానికేముంది వదినా, పెట్టిద్దాం” అంది. వదినకీ అదే కావాలి.

మర్నాడు ఆమె పెడల్ తొక్కుతూ పనిలో ఉంటే స్పీకరు పలికింది: “మిషను వద్ద.”

“మిషను వద్ద ఏంటండీ? వైరేమైనా ఊడిందా?” అంటూ లేచి కంప్యూటరు వెనక తడిమి చూసింది. ఆయన చూపు ఆమె మీదే ఉంది. కొమ్ము కోసం వేలు ఎత్తేలోపు తన కాలు పడి ‘చదువు’ గడి నొక్కేసి ఉంటుందని ఆమెకు అప్పుడే తోచింది. కొమ్ము పడితే అది ‘వద్దు’. పెడల్ పీకేసి అడిగితే నిమిషంలో తేలిపోయేది. ఆమె అడగలేదు.

రెండోరోజూ ఆమె కాలు పెడల్ మీద ఆడుతూనే ఉంది, అదే మాట, అదే చోట తెగింది. ఆడపడుచు విని “అన్నయ్య ఏమంటున్నాడు?” అంటే “కంప్యూటరు కలగాపులగం చేస్తోంది” అంది. పోర్టులు మార్చడం, డ్రైవర్లు వెతకడం మానేసింది. ఆపరేషను గురించి ఆసుపత్రికి ఫోన్లు చేసింది.

అటుపైన ఆయన బటన్ నొక్కడమే మానేశాడు. వెలుగు వరసల మీద తిరుగుతూనే ఉండేది, వేలు కదలదు. “నీళ్లు కావాలా? పక్కకి తిప్పనా?” అని ఎన్ని అడిగినా కళ్లు మూసుకునేవాడు. ఆయన సొంత గొంతు మూగబోయినప్పుడు కూడా ఇల్లు ఇంత నిశ్శబ్దంగా లేదు.

ఆ మౌనాన్ని ఆమె భరించలేకపోయింది. ఒకరోజు పొద్దున పని పక్కన పెట్టి కంప్యూటరు ముందు కూర్చుంది. అక్షరాల తెర సెట్టింగుల్లో ‘మీ బటన్ నొక్కండి’ అన్న చోట ఆయన వేలు పట్టుకుని తనే నొక్కించింది. ఎఫ్9 అని చూపించింది. అనుమానం వచ్చి పెడల్ తొక్కింది. ఎఫ్9. రెండూ ఒకే మీట పేరు చెప్పుకుని కంప్యూటర్లోకి వస్తున్నాయి. ఎవరు నొక్కారో దానికేం తెలుసు? ఆమె పెడల్‌ని ఎఫ్4కి మార్చింది. గొడవ తీరిపోయింది. ఎంత తేలికో చూసుకుని ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఇప్పుడు చెప్పండి. కాలు అడ్డం పెట్టను” అంది.

వేలు కదిలింది, స్పీకరు పలికింది. “ఊపిరి మిషను వద్దు.” మళ్లీ నొక్కి, “ముందే చెప్పా.”

“విన్నానండీ” అందామె. “విననట్టు ఉండిపోయాను.”

ఆడపడుచు మాత్రం ఒప్పుకోలేదు. “కలగాపులగమని నువ్వే అన్నావుగా! ఇప్పుడా పిచ్చి రాతలు నమ్మి మా అన్నయ్యని చంపుకుంటావా?” అని అరిచింది. ఆ అబద్ధం వదినదే. కుర్చీ లాగి మంచం పక్కన వేసింది. “నన్ను కాదు, ఆయన్నడుగు.”

చెల్లెలు అడిగింది. వద్దన్నాడు. ఏడుస్తూ మళ్లీ అడిగింది. వద్దన్నాడు. ఆమె ఇంకోసారి నోరు తెరవబోతుంటే ఆ ఆడగొంతు, “మూడోసారి” అంది. వేలంలో మూడోసారి అన్నాక పాట ఉండదు. ఆ ఇంట్లో పెరిగిన పిల్లకి అది ఎవరూ చెప్పనక్కర్లేదు. అన్న చెయ్యి మొహానికి ఆనించుకుని కూలబడింది.

ఆపరేషను రద్దు చేశారు. మిగిలిన పొద్దున పూటలన్నీ ఆయన మాట్లాడాడు. ఎక్కువగా చిన్న మాటలే: కిటికీ తెరువు, ఫ్యాను తగ్గించు, జుట్టు దువ్వుకో. చలి ముదిరాక వేలు కూడా ఆగింది. ఆ తర్వాత కొద్దిరోజులకి, ఒక మధ్యాహ్నం, ఆయాసపడుతూ పోయాడు. నిద్రలోనో ప్రశాంతంగానో పోయాడని చెప్పడానికి లేదు. నొప్పి తెలియకుండా డాక్టరు ఇచ్చిన మందు సగం పనిచేసింది. ఇద్దరాడవాళ్లూ చెరో చెయ్యి పట్టుకుని చూస్తూ ఉండిపోయారు. మిషను పెట్టించి ఉంటే ఆ ఆయాసం ఉండేది కాదన్న ఆలోచన ఇద్దరికీ వచ్చింది.

ఇంట్లో కూర్చుని టైపు చెయ్యడం తర్వాత ఆమెకు సాధ్యం కాలేదు. ఆసుపత్రి వాళ్ల టైపింగు గదికే వెళుతోంది. అక్కడ పదిమంది ఒకేసారి మాట్లాడతారు, నవ్వుతారు, కుర్చీలు ఈడుస్తారు. ఈ గోలలో డాక్టరు మాట ఎలా వినపడుతుందని కొత్తగా చేరినవాళ్లు విసుక్కుంటే, ఆమె హెడ్‌ఫోన్ సర్దుకుని, “అలవాటవుతుందిలే” అంటుంది.