కరెంటు లేని యాల పుట్టిన ఫైలు

దయ్యమున్నదని ఎవరన్నా అంటే మొహం మీదనే నవ్విన మనిషిని నేను. శవాలను పూడ్చే బొందలగడ్డ పక్క చేన్ల ఒక్కదాన్నే కలుపు తీసిన. రాత్రిబడికి పోయి అక్షరాలు నేర్చుకున్నది మాత్రం జుట్టు నెరిసినంకనే. అందుకే కథలు అల్లనీకి నాకు చేతగాదు. చూసింది చూసినట్టు రాస్తున్న.

తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. మేం స్టేషన్ ఘన్‌పూర్‌ల ఉంటున్నం. నా బిడ్డ స్వరూపది ఇంజనీరింగ్ ఆఖరు ఏడు. తెల్లారితే కాలేజీల తన ప్రోగ్రాం నడిపి చూపాలె. లేకుంటే ఏడాది పోతది.

ఆ ప్రోగ్రాంను స్వరూప, దాని దోస్తు రజియా కలిసి రాసిన్రు. రజియా కొన్ని దినాల ముందే జ్వరంతోని దవాఖానల చనిపోయింది. ఆమె కంప్యూటర్‌ను ఇంటోళ్లు అమ్మేసిన్రు.

మా కంప్యూటర్‌ల దాన్ని నడిపించే లినక్స్ కొత్తగ ఎక్కించినం. ప్రోగ్రాంను కట్టే పనిముట్లు కొన్ని దాంట్ల లేవు. నెట్‌ల నుంచి దించుకుందామంటే బంద్ అని నెట్ షాపులకు తాళాలు.

"గింత డబ్బా కొన్నం, దాంట్ల పనిముట్లే లేవా?" అన్న.

"ఊకోయే అమ్మా! అన్నిటినీ ఒక్కసారే కట్టే మేక్ లేకుంటేంది, ఒక్కో ఫైలుకు చేత్తోనే ఆర్డర్ కొడ్త."

కొట్టింది. ఒక్క ఫైలు కాడ ఆగిపోయింది. గా ఫైలును బైసన్ అనే ఇంకో పనిముట్టు పుట్టియ్యాలెనట. ఆ పని ఎప్పుడూ రజియానే చేసి పెన్‌డ్రైవ్‌ల తెచ్చేది. ఆమె తెచ్చిన ఫైలు ఇప్పుడు యాడ వెతికినా దొరకలే. ఫైలు పైన తెలుగుల "సలాం స్వరూపా" అని రాసేది. గంతే, ఇంకో మాట ఉండేది కాదు.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పిల్ల అన్నం ముట్టకుండ గోడ దిక్కు తిరిగి పన్నది. నేను గడపల కూసొని చింతపండు గింజలు తీసిన. ఇంటికి ఒక్కటే తలుపు. ఎవ్వరూ లోపలికి రాలే.

పొద్దుగూకంగ కరెంటొచ్చింది. కంప్యూటర్ పెట్టంగనే పిల్ల "అమ్మా!" అని ఒర్లింది. లేని ఫైలు ఉన్నది. దాని పక్కన టైం కరెంటు లేని యాలది. గడియారం తప్పేమో అనుకున్నం. పొద్దటి ఫైళ్ల టైం సరిగ్గనే ఉన్నది.

తెరిచింది. పైన "సలాం స్వరూపా." దాని కింద ఇంకో మాటున్నది. పిల్ల పక్కకు జరిగి నాకు చూపింది. నేనే కూడబలుక్కొని చదివిన.

"జర తిను."

ప్రోగ్రాం నడిచింది. పిల్ల ఏడ్సుకుంటనే అన్నం కలుపుకున్నది.

పాత ఫైలే ఎక్కడనో దాగి ఉంటదని దాని కాలేజీ సార్లు అన్నరంట. అయ్యుండొచ్చు. కానీ నా బిడ్డ తినలేదని ఆ దినం నాకు తప్ప ఎవరికి తెలుసు?