నవ్వే బొమ్మకు టిక్కు

ఆ ఫారం మీద ఐదు బొమ్మ ముఖాలుండేవి. మొదటిది పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతుంటుంది, చివరిది ఏడుపు మొహం. "ఇంట్లో వెలుతురు మీ కళ్ళకు ఎలా ఉంది?" అని అడిగి, జవాబును బట్టి ఏదో ఒక ముఖం పక్కన టిక్కు పెట్టాలి. ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుతుంది.

ఇళ్ళలో, బడుల్లో ఎలాంటి వెలుగు కళ్ళను బాధపెడుతుందో, ఎలాంటిది హాయిగా ఉంటుందో పరిశోధన చేస్తూ బెంగళూరు నుంచి ఒక మేడం మా ఊరు తిరుమణికి వచ్చింది. ఆమెకు తెలుగు రాదు. మావాళ్ళకు కన్నడం వచ్చినా, ఇంటి సంగతులు చెప్పేటప్పుడు తెలుగే వస్తుంది. అందుకని పావగడలో డిగ్రీ చదివి ఇంట్లో కూర్చున్న నన్ను పనికి పెట్టుకుంది. "వాళ్ళు చెప్పిందే రాయాలి, నీ సొంత మాట కలపకూడదు" అని మొదటి రోజే చెప్పింది. సోలార్ పలకల వెలుగు మరీ కొట్టే ఇళ్ళకు ఎదురుగా, దాన్ని ఆపే పచ్చ వల కట్టించమని సోలార్ వాళ్ళకు రాస్తానని కూడా చెప్పింది. ఆ వల కోసమే నేను ఆ పనికి ఒప్పుకున్నాను.

మా ఇంటి వాకిలి పడమటి వైపు. ఎదురుగా వేరుశెనగ చేలున్న చోట ఇప్పుడన్నీ సోలార్ పలకలే. లీజుకిచ్చిన మా చేను కూడా అందులోనే ఉంది. పొద్దు వాలేటప్పుడు ఆ పలకల మీద వెలుగు పడి నేరుగా మా పడసాలలోకి కొడుతుంది. పగలంతా ఆ పలకల కింద గడ్డి కోసే పనికి పోయే మా అమ్మకు విత్తనం ఏరడానికి దొరికేది సరిగ్గా ఆ వేళే. గడప లోపల చాట ముందేసుకుని కూర్చునేది. ఒకప్పుడు పుచ్చు గింజ, బూజు గింజ ఆమె కన్ను తప్పించుకునేవి కావు. అవతలి ఊరు అరసికెరె నుంచి కూడా విత్తనం సంచులు తెచ్చిచ్చేవాళ్ళు. పోయిన ఏడు ఆమె ఏరిన విత్తనం సరిగా మొలవలేదు. ఎవరూ ఒక్క మాటనలేదు, సంచులు రావడం మాత్రం తగ్గింది.

లోపలికి జరిగి కూర్చోమంటే, ట్యూబులైటు కింద బూజు కనపడదనేది. వాకిలికి గుడ్డ కట్టుకోమంటే నా మీదికి లేచేది. దీపం పెట్టే వేళ వాకిలికి ఏదీ అడ్డం ఉండకూడదు, అది లక్ష్మి వచ్చే వేళ. అందుకని కళ్ళు చికిలించి, నీళ్ళు తుడుచుకుంటూ ఏరేది.

మా ఇంటి వంతు వచ్చిన రోజు మేడంను కావాలనే సాయంత్రం పిలుచుకొచ్చాను. తీరా చూస్తే వాకిలికి అడ్డంగా, జాతరకు తప్ప కట్టని మా అమ్మ పట్టుచీర! మడతల మీద మడతలు వేసి, సూది మొనంత వెలుగు రాకుండా మేకులు కొట్టింది. లోపల ట్యూబులైటు, అప్పుడే అలికిన నేల, గ్లాసులో మజ్జిగ.

"ఏందిమా ఇది?" అన్నాను.

"ఇంటికొచ్చినోళ్ళ కండ్లల్లోకి వెలుగు కొట్టిస్తామా? సిగ్గుండొద్దా?"

అరికాలి మంట నెత్తికెక్కింది. మేడం వెలుతురు కొలిచే మీటరు గోడ దగ్గరా చాట దగ్గరా పెట్టి చూసి, బాగుందని తలూపింది. ప్రశ్నలు మొదలుపెట్టింది. కళ్ళు మండుతాయా?

"లేదు."

తలనొప్పి వస్తుందా?

"యాడిది తల్లీ, అంతా బాగుండాది."

"అబద్ధాలాడొద్దుమా, నీ కండ్లే పోతాయి!" అని అరిచాను.

"నోరు ముయ్యే. ఇంటికొచ్చిన ఆడబిడ్డ ముందర మన ఏడుపులేంది? బాగుండాదని రాయి."

మీ అమ్మ ఏమంటోంది అని మేడం అడిగింది. ఈ చీర రోజూ ఉండదండీ, తీసి చూడండి అని ఒక్క మాట చెప్పి ఉండవచ్చు. లేచి ఆ చీర నేనే పీకేసి ఉండవచ్చు. నేనేం చేశాను? నీ ఖర్మ, అనుభవించు అనుకుంటూ నవ్వే బొమ్మ పక్కన టిక్కు పెట్టాను. ఎంత గట్టిగా పెట్టానంటే పెన్ను కాగితానికి చిల్లు పొడిచింది.

మేడం వీధి మలుపు తిరిగిందో లేదో, అమ్మ చీర విప్పేసి దీపం ముట్టించింది.

రెండు నెలల తర్వాత మా పక్క వరస ఇళ్ళకు పచ్చ వల వచ్చింది. మా ఇంటికి రాలేదు. సోలార్ ఆఫీసుకు పోయి గొంతు చించుకున్నాను. అక్కడాయన నిదానంగా మా ఇంటి ఫారం తీసి ముందు పెట్టాడు. అంతా నా చేతిరాతే. తల కొట్టేసినట్టయింది. ఇంటికొచ్చి అమ్మ మీద పడి అరిచాను.

విత్తే కాలానికి అరసికెరె నుంచి ఒక పెద్దాయన ఎప్పటిలాగే సంచి తెచ్చి గడపలో దించాడు. "ఈసారి గూడా నీ చేతి మీదనే కానీ అక్కా" అన్నాడు. అమ్మ చాట తీయలేదు. సంచి మూతి గట్టిగా కట్టి ఆయన వైపు జరిపింది.

"ఎత్తుకపోన్నా. ఇంగ నా కండ్లను నమ్మొద్దు."

"ఎందుకక్కా, ఏమైంది?" అన్నాడాయన, ఆమెనూ నన్నూ మార్చి మార్చి చూస్తూ. ఊరంతా తిరిగి కళ్ళ గురించి అడిగిన నేను వంగి సంచి ఎత్తి ఆయన భుజం మీద పెట్టాను.