మెట్టె జారిన కాలు

పోయిన గురువారం మధ్యాహ్నం మా యారాలు కన్నుమూసింది. మా ఆయనకు అన్న అయిన మా బావ భార్య ఆమె. కేసముద్రంలో ఇరవై ఎనిమిదేళ్లు ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర బతికాం. నేను అక్కా అనేదాన్ని, ఆమె చెల్లె అనేది.

బావ మార్కెట్ యార్డులో హమాలీ. మధ్యాహ్నం ఆయనకు అన్నం గిన్నె పట్టుకొని అక్క నడిచే వెళ్లేది. ఎండగా ఉంది, ఆటో ఎక్కు అంటే, "దేవుడు కాళ్లు ఊకెనే ఇచ్చిండా?" అనేది. ఆమె నడక నాకు ఎప్పుడూ అందలేదు.

నిరుడు ఆమెకు రక్త క్యాన్సర్ అని తేలింది. వరంగల్‌లో వారానికోసారి నరానికి మందు ఎక్కించేవారు. నాలుగో వారం తర్వాత చూస్తే ఎడమకాలి మెట్టె లేదు. ఎప్పుడు జారిందో ఆమెకే తెలియదు.

ముత్తైదువ మెట్టె జారితే భర్తకు కీడని నేనే ముందు బెదిరిపోయాను. బావ పేరున అర్చన చేయించాను, శనివారాలు ఒక్కపొద్దు ఉన్నాను. ఆయనను వారం రోజులు బస్తాలు ఎత్తనివ్వలేదు. అక్క నవ్వింది. "రోగం నాకు, పూజలు ఆయనకా? మంచిగున్నదే మీ లెక్క."

మెట్టె పోయిందని చూసిన రోజే కొత్తది తెచ్చి గట్టిగా నొక్కి తొడిగాను. వేలు ఎర్రగా కమిలినా ఆమె కాలు కదపలేదు. ఎంత ఓర్పో అనుకున్నాను.

కొన్నాళ్లకు పాదం పైకి లేవక వేలాడింది. చెప్పు దారిలో ఊడిపోయినా చూసుకోకుండా నడిచేది. గడప తట్టుకొని పడ్డాక డాక్టరమ్మ పరీక్షించి, ఆ మందు కొందరికి నరాలను దెబ్బతీస్తుందని, కాలు మొద్దుబారినప్పుడే చెప్పి ఉంటే మోతాదు తగ్గించి చూసేవాళ్లమని అంది. ఇక నరం కోలుకోవడానికి నెలలు పడుతుందట. ఆ మందుతో పాటు ఇచ్చిన స్టెరాయిడ్ మాత్రల వల్ల తొడల్లో సత్తువ కూడా పోయింది. కింద కూర్చుంటే ఇద్దరం పట్టి లేపాల్సి వచ్చేది. చివరికి జబ్బు తిరగబెట్టింది, ఇంటికి తీసుకెళ్లమన్నారు.

దేవుణ్ణి నేనేమీ అనను. ఎవరి కాలు చచ్చుబడుతుంటే ఎవరి కోసం మొక్కానో గుర్తొచ్చి, దీపం ముందు తల ఎత్తలేకపోతున్నాను.

రోజూ సాయంత్రం ఆమె పాదాలకు నూనె రాసేదాన్ని. తెలుస్తున్నదా అని అడిగితే లేదని తల ఊపేది. పోయే ముందు రోజు, బుధవారం, కళ్లు మూసుకొని పడుకుంది. నూనె వేడిచేసి తెచ్చి కాళ్ల దగ్గర కూర్చున్నాను. మంచం కదిలి నేను వచ్చానని తెలిసినట్టుంది, అక్క నెమ్మదిగా అంది.

"ఇయ్యాల తెలుస్తున్నది చెల్లె. నీ చేతులు వెచ్చగున్నయ్."

నేనింకా చెయ్యి వేయలేదు. గిన్నె నా ఒళ్లోనే ఉంది.