చెయ్యి అప్పగించడం

నిన్న పొద్దున కుడి భుజం పట్టేసి, జడ కూడా వేసుకోలేని అవస్థలో శంషాబాద్‌లో నేనే పెట్టిన మాలిష్ కేంద్రానికి ఫోన్ చేస్తే, కొత్తగా చేరిన అమ్మాయెవరో నా గొంతు గుర్తుపట్టక, “ఇయ్యాల ఖాళీ లేదమ్మా, ఎల్లుండి పొద్దుగాల రాండ్రి” అని పెట్టేసింది. రెండేళ్లుగా దాన్ని మా చెల్లెలే నడుపుతోంది కనుక ఆ పిల్లను తప్పుపట్టలేను. పేరు చెబితే ఎవరో ఒకరు పరుగున వచ్చేవారే, కానీ ఒళ్లు మండిపోయి చెప్పలేదు.

నాకు ఈ పని నేర్పింది మా మేనత్త. నా ఈడువాళ్లకు అలాంటి మనిషి గుర్తుండే ఉంటుంది, నువ్వుల నూనె గిన్నె పట్టుకుని బాలింతల ఇళ్లకు తిరిగే మనిషి. బుద్వేల్ నుంచి మామిడిపల్లి దాకా, హిందువుల ఇళ్లకూ ముస్లింల ఇళ్లకూ ఆమే వెళ్లేది. ఆమెకొక పద్ధతి ఉండేది. చివరి రోజున తాను పక్కన కూర్చుని, ఆ ఇంటి అత్తనో ఆడబిడ్డనో పిలిచి, ఆమె చేత మర్దన చేయిస్తూ, బొటనవేలు ఎక్కడ ఆపాలో, అరచేతితో ఎంత నొక్కాలో ఆమె చేతి మీద తన చెయ్యి పెట్టి చూపించేది. దాన్ని చెయ్యి అప్పగించడం అనేది. ఆ తరువాత ఆ ఇంటివాళ్లకు ఈమెతో అవసరమే ఉండేది కాదు. అంత పిచ్చి మనిషి!

ఎయిర్‌పోర్టు వచ్చి, అక్కడ గంటల తరబడి నిలబడి పనిచేసే ఆడవాళ్లు నడుములు పట్టుకుని తిరగడం చూశాక, ఆడవాళ్లకు మాత్రమే అని బోర్డు రాయించి నేనూ చెల్లెలూ రెండు గదులు కిరాయికి తీసుకున్నాం. మసాజ్ అనగానే మూతి విరిచిన ఇంటి యజమాని, తన భార్య నడుము బాగుపడ్డాక గానీ మమ్మల్ని మర్యాదగా పలకరించలేదు. మొదట్లో నేనూ ఐదు రోజుల మర్దనలో చివరి రోజున అమ్మనో అక్కనో వెంట తెమ్మని చెప్పి చెయ్యి అప్పగించేదాన్ని. చెల్లెలు తల బాదుకునేది. “గిట్ల అందరికి నేర్పి పంపితే ఇగ మన దగ్గరికి ఎవరొస్తరక్కా?” అని ఒకనాడు కళ్ల నీళ్లు పెట్టుకుంది. దాని పిల్లల చదువులు కూడా ఆ గదుల మీదే ఆధారపడి ఉండడంతో కాదనలేక మానేశాను. మానేశాక కేంద్రం నిజంగానే పెరిగింది. వచ్చినవాళ్లే మళ్లీ మళ్లీ వచ్చారు, రెండు గదులు ఆరయ్యాయి, ఎందరో ఆడవాళ్లకు పని దొరికింది. అది చూసి గర్వపడలేదంటే అబద్ధం.

మేనత్త మంచాన పడ్డప్పుడు చూడబోతే, ఆమె కోడలు ఆమె కాళ్లకు నూనె రాస్తోంది. ఆ వేళ్ల కదలిక అచ్చం అత్తదే. నన్ను చూసి మేనత్త, “నీ ఇంట్ల ఎవరికన్న నేర్పినవా, పిల్లా?” అని అడిగింది. నేర్పుతానన్నాను. కేంద్రం పనుల్లో పడి నేర్పలేదు.

నిన్న సాయంత్రం నా బాధ చూడలేక మా ఇంటాయనే నూనె వేడిచేసి తెచ్చాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆయన మోకాళ్లకు నేను ఎన్నిసార్లు మర్దన చేశానో లెక్కలేదు గానీ, ఆయన చేతికి నా భుజం అప్పగించడం అదే మొదలు. చపాతీ పిండి పిసికినట్టు పిసుకుతూ, “ఈడనా? ఈడనా?” అని అడుగుతుంటే చిరాకేసి కసిరాను. బొటనవేలు పట్టుకుని చోటు చూపిద్దామంటే ఎడమ చెయ్యి అంత వెనక్కి అందలేదు.

ఆ కాలంలో ఇంటికొక చెయ్యి ఉండేది. ఇప్పుడు వీధికొక కేంద్రం ఉంది, అందులో ఒకటి నాదే, అక్కడ రెండు రోజుల దాకా ఖాళీ లేదు. ఎవరిని తిట్టను? ఆయన మళ్లీ అడిగాడు. చోటు అది కాదు. అయినా, “ఆ, ఆడనే” అని కళ్లు మూసుకున్నాను.