ఉగాది దాకా రేవు ఎవరిది

మొన్న బ్రాడీపేటలో మా అపార్టుమెంటు కింద ఎవరో ఇల్లు మారుతూ వానలోనే లారీలోంచి సామాను దింపించుకుంటున్నారు. సామానుకు బిగించిన కొబ్బరితాళ్ళు తడిసిన వాసన, పక్క కొట్టు ముందు గోతాల్లో పెట్టిన ఎండుమిరపకాయల ఘాటు, రెండూ కలిసి మెట్లెక్కి మా గుమ్మం దాకా వచ్చేసరికి నాకు తుమ్ము ముందొచ్చిందో ఏడుపు ముందొచ్చిందో తెలియలేదు. ఆ రెండు వాసనలూ కలిసి ఉండే చోటు నా ఎరుకలో ఒక్కటే. అది మా రేవు. మా రేవు అన్నాను గానీ, అది మాదో, మాస్టారు వాళ్ళదో, ఆ మాట ఇన్నేళ్ళయినా నాకు సరిగ్గా తేలలేదు.

అమరావతికి ఎగువన, కృష్ణ ఒడ్డున మా ఊరు. మా ఇల్లూ దేవసహాయం మాస్టారి ఇల్లూ పక్కపక్కన, రెండింటి దొడ్లూ ఏటి దాకా సాగి, మధ్యన దడి కూడా లేకుండా ఒకే గట్టు మీద ముగిసేవి. ఆ గట్టు మీంచి నీళ్ళలోకి మా తాతయ్య, మాస్టారి తండ్రి యోహాను గారు కలిసి కట్టించిన రాతిమెట్లు ఉండేవి. ఒక పడవ అడ్డంగా ఆనేంత వెడల్పు. అడుగు మెట్టు పక్కన పడవ కట్టడానికి ఒకే ఒక గుంజ. రెండిళ్ళ వాళ్ళకూ ఏటి మధ్య లంకలో మిరపతోటలుండేవి, గట్టు మీదేమో నల్లరేగడి పత్తిచేలు. వరదలు తీశాక మెట్ల మీద పేరుకున్న ఒండ్రు ఎత్తిపోయడం, పుచ్చిన గుంజ మార్చడం, పడవ కట్టే కొబ్బరిమోకు కొత్తది కొనడం ఒక ఏడు మా వంతు, ఒక ఏడు వాళ్ళ వంతు. ఎవరి వంతయితే ఆ ఏడు వాళ్ళ పడవదే ముందు. ఆ పద్ధతి పెట్టుకున్నది పెద్దవాళ్ళు, నోటిమాటగా.

ఆ మెట్ల మీదే మా బాల్యమంతా గడిచింది. నేనూ, మాస్టారి కూతురు రూతూ మెట్టు మెట్టుకీ బొగ్గుతో గళ్ళు గీసి తొక్కుడుబిళ్ళ ఆడేవాళ్ళం, బిళ్ళ నీళ్ళలో పడితే ఓడిపోయినట్టు, మనిషి పడితే గెలిచినట్టు. కార్తీకంలో మా నాయనమ్మ అరటిదొప్పల్లో దీపాలు వదిలితే రూతు వాటి వెంట గట్టు మీద పరుగెత్తేది. వాళ్ళ చర్చివాళ్ళు బాప్తిస్మాలిచ్చే రోజున తెల్లబట్టలేసుకుని మెట్లు దిగే వాళ్ళకి నాయనమ్మ పైనుంచి, పాకుడుంటుంది, జాగర్తని చెబుతుండేది. క్రిస్మస్‌కి వాళ్ళింటి నుంచి అరిసెలూ, ఉగాదికి మా ఇంటి నుంచి పచ్చడీ ఆ దొడ్డిదారినే నడిచేవి. పుష్యమాఘాల్లో లంక నుంచి కాయ దిగడం మొదలైతే ఇక ఊపిరి తీసుకోవడానికుండేది కాదు, గోతాల మీద కూర్చుని వచ్చిన కూలీలు దగ్గుతూ నవ్వుతూ దిగేవాళ్ళు, మా వేళ్ళు మండుతుండగానే మరచిపోయి కళ్ళు నులుముకుని ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం.

పెద్దవాళ్ళిద్దరూ ఒకరి వెనక ఒకరు పోయాక వచ్చిన మొదటి మిరప కోతలవి. ఆ సాయంత్రం ఆకాశం ఒక్కసారిగా నల్లబడింది. మాఘమాసంలో వాన ఏమిటని అందరూ పైకి చూస్తుండగానే లంక నుంచి మా పడవా, వాళ్ళ పడవా ఎండిన కాయతో నిండుగా ఒకేసారి వచ్చాయి. ఎండిన కాయ తడిస్తే తాలు కిందే లెక్క, కొనేవాడు దాన్ని తిప్పి కూడా చూడడు. నాన్న మోకు తెచ్చి గుంజకు చుట్టాడు. మాస్టారూ మోకు తెచ్చి అదే గుంజకు చుట్టారు.

"మాస్టారూ, ఉగాది రాలేదు కదండీ. ఉగాది దాకా ఏడు మాదే," అన్నాడు నాన్న.

"సాంబయ్య గారూ, జనవరి వచ్చి ఎన్నాళ్ళయింది? పోయిన ఏడు మీదే, కాదనను. ఈ ఏడు మాది," అన్నారు మాస్టారు.

అప్పటిదాకా ఆ సంగతి రెండిళ్ళలో ఒక్కరికీ తట్టలేదు. మా ఏడు ఉగాదికి మొదలై ఉగాదికి అయిపోతుంది. వాళ్ళ ఏడు జనవరి ఒకటో తారీకున మారిపోతుంది. కాబట్టి ఒక ఏడాది ఆ రెండు మూడు నెలలూ రేవు ఇద్దరిదీ, మరుసటి ఏడాది అవే నెలల్లో ఎవరిదీ కాదు. మిరపకాయ దిగేదేమో సరిగ్గా ఆ నెలల్లోనే. ఇప్పుడు ఇలా విడమరచి చెప్పగలుగుతున్నాను గానీ, ఆ రోజు గట్టు మీద నిలబడ్డ నాకు నాన్న చెప్పింది నిజమనిపించింది, మాస్టారు చెప్పిందీ నిజమనిపించింది, రెండూ నిజమైతే ఇద్దరూ ఎందుకు కోపంగా ఉన్నారో అర్థం కాలేదు. రూతు నా చెయ్యి పట్టుకునే ఉంది. నీది ముందంటే నాది ముందని వాళ్ళు వాదించుకుంటుండగానే వాన దబదబా పడింది, గుంజ దగ్గర ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ నిలబడ్డ రెండు పడవల్లోనూ కాయ తడిసిపోయింది.

తాతయ్య వాళ్ళ కాలంలో ఇది ఎలా నడిచిందని ఆ రాత్రి అన్నం దగ్గర నాన్న నాయనమ్మను నిలదీశాడు. ఆమె మజ్జిగ గిన్నె అతని ముందుకు జరిపింది.

"వాళ్ళకి తెలుసో, తెలియదో నాకు తెలియదురా. ముందొచ్చిన పడవ ముందు దింపేది. రెండోవాడు గట్టు మీద కూర్చుని కబుర్లు చెప్పేవాడు. ఏడు ఎవరిదని అడిగినవాణ్ణి నేను చూళ్ళేదు," అంది.

మాస్టారే బళ్ళో నాకు పాఠం చెప్పేవారు. మర్నాడు నల్లబల్ల మీద ఆయన తారీకు వేశారు. ఆ కొత్త సంవత్సరం నా పలక మీద రాస్తే రేవు వాళ్ళకిచ్చేసినట్టేనని నాకు గట్టిగా తోచింది. ఉగాది రాలేదు కదా అని పలక మీద పాత సంవత్సరమే వేసి, పక్కన రూతు వంక చూడకుండా కూర్చున్నాను. మాస్టారు పలకలు దిద్దుకుంటూ వచ్చి నా దగ్గర ఆగారు. ఆ అంకెల్ని చూశారు. చెరపలేదు, కొట్టలేదు, సుద్దతో రైటు కొట్టి ముందుకెళ్ళిపోయారు. ఆ రైటు ఎందుకు కొట్టారో నాకు ఆ రోజూ తెలియలేదు, ఇప్పటికీ తెలియదు. అంత మంచిగా రైటు కొట్టిన మనిషి ఆ వారంలోనే నాన్నతో కలిసి మేస్త్రీని ఎందుకు పిలిపించారో అదీ తెలియదు.

గొడవ లేకుండా పంచేసుకుంటే పోతుందని ఇద్దరూ నిర్ణయించుకున్నారు. గట్టు మీంచి అడుగు మెట్టు దాకా, మెట్ల మధ్యగా మోకాలెత్తు రాతిగోడ లేచింది. మట్టితో పేర్చిన గోడే, కానీ నిటారుగా ఉంది. ఇటు మాది, అటు వాళ్ళది, ఏడాది పొడుగునా. అందరూ హమ్మయ్య అనుకున్నారు. మరుసటి కోతల్లో మొదటి పడవ వచ్చి ఒడ్డుకు ఆనబోతే తెలిసింది, సగం మెట్లలో పడవ పట్టదని. నాన్న చేతులు బారచాపి ఇటు కొలిచాడు, గోడకు అవతల మాస్టారు అటు కొలిచారు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు, గోడ తీసేద్దామని మాత్రం ఎవరి నోటా రాలేదు. ఆ ఏడాది నుంచి రెండిళ్ళ కాయా ఊరికి అవతల బల్లకట్టు రేవులో దిగి, బండ్ల మీద చుట్టుతిరిగి ఇంటికొచ్చేది. మా తొక్కుడుబిళ్ళ గళ్ళు గోడ కింద పడి రెండు ముక్కలయ్యాయి. నాకు ఆ గోడ మీద ఇప్పటికీ కోపమే.

పోయిన ఫిబ్రవరిలో రూతూ నేనూ కలిసి ఊరెళ్ళాం. తను ఇప్పుడు నల్లపాడులో ఉంటుంది, తండ్రిలాగే టీచరు. దొడ్లు రెండూ ఎవరెవరివో అయిపోయాయి, లంకలో మిరప లేదు, పడవ అన్నదే లేదు. కృష్ణ ఎప్పుడో అవతలి ఒడ్డుకు జరిగిపోయి, మెట్లు కిందికి దిగి ఇసుకలో, జిల్లేడు పొదల్లో ఆగిపోయాయి. మధ్యన మట్టి కరిగిపోయిన గోడ, ఒట్టి రాళ్ళుగా, అలాగే ఉంది. గొర్రెలు కాసుకుంటున్న ఒక ముసలాయన మమ్మల్ని చూసి లేచొచ్చి, దొడ్డి కట్టుకోవడానికి ఆ రాళ్ళు కావాలన్నాడు.

"ఎవరివమ్మా ఈ రాళ్ళు?"

"వాళ్ళవి," అన్నాం ఇద్దరం, ఒకేసారి, ఒకరినొకరు చూపించుకుంటూ.

ఆయన తికమకగా మా ఇద్దరినీ మార్చి మార్చి చూసి, అయితే ఎవరివీ కావన్నమాట అని ఒక రాయి లేవదీశాడు. ఉగాది ఇంకా రాలేదు. మేమిద్దరం కొంగులు దోపుకుని ఆయనకి రాళ్ళందించాం. సాయంత్రానికి మెట్లు మళ్ళీ పడవ పట్టేంత వెడల్పయ్యాయి, కృష్ణే అక్కడ లేదు.