గురువారం సారు యాడికి పోతాడు?

మా డ్రిల్లు సారు పోయారని మంగళవారం పొద్దున హిందూపురం గ్రౌండులోనే తెలిసింది. ఆరున్నరకల్లా అక్కడ ఉండే మనిషి ఏడైనా రాలేదు. ఆయన కోడలు ఫోన్ చేసి, నిద్రలోనే ప్రాణం పోయిందని చెప్పింది. నా పక్కన మా నాగమణి బూట్ల లేసులు కట్టించుకోవడానికి కాలు చాపి నిలబడి ఉంది. వంగి లేసులు కట్టాను.

నాగమణి నా కూతురు. ఇరవై రెండేళ్లు. బుద్ధి ఎదుగుదల తక్కువని చిన్నప్పుడే డాక్టర్లు చెప్పారు. ఆ కాళ్లలో పరుగుందని మాత్రం ఎవరూ చెప్పలేదు, అది కనిపెట్టింది సారు. హైస్కూల్లో రిటైరయ్యాక ఇలాంటి పిల్లలు పన్నెండు మందిని పోగేసి పరుగు, బంతి విసరడం నేర్పేవారు. మా ఆవిడ పొద్దున్నే గార్మెంట్స్ ఫ్యాక్టరీకి పోతుంది కాబట్టి గ్రౌండు డ్యూటీ నాది. నాకో జిరాక్సు షాపు ఉంది, బీపీ ఉంది, ఈ రెండిటికంటే ఎక్కువగా కోపం ఉంది.

సారు అలవాటు ఒకటి నాకు వింతగా ఉండేది. పిల్లల కంటే ముందు మమ్మల్ని పలకరించేవారు. "ఏమప్పా, నిద్ర పట్టిందా? ఏమన్నా తిన్నావా, లేకుంటే టీనీళ్లేనా?" పరిగెత్తేది మా పిల్లలైతే మా కడుపుల సంగతి ఈయనకెందుకని నవ్వుకునేవాణ్ని.

ఒకరోజు ఆ నవ్వు పోయింది. పోటీలు దగ్గరపడ్డాయి. నాగమణి సగం రౌండు పరిగెత్తి, పైన పోయే కొంగల్ని చూస్తూ ఆగిపోయింది. అప్పటికది మూడోసారి. నేను విసవిసా పోయి అందరి ముందూ చెయ్యెత్తాను. కొట్టలేదు. కానీ నా బిడ్డ రెండు చేతులూ తలకు అడ్డం పెట్టుకుని కింద కూర్చుండిపోయింది. ఆ తర్వాత నేను గ్రౌండులో ఉంటే చాలు, పరిగెత్తడం మానేసింది. ఆమెకు ఇష్టమైన ఒక్క పనినీ నేనే చెడగొట్టాను.

సారు నన్ను తిట్టలేదు. తెల్ల కాగితం ఇచ్చారు. "సెలవు చీటీ రాయి. నాకు కాదు, నీ బిడ్డకు. వారం వారం గురువారం నాకూ సెలవే కదా. ఆపొద్దు గ్రౌండు సుజాతమ్మ చూసుకుంటాది" అన్నారు. సుజాతమ్మ ఇంకో పిల్ల తల్లి.

'గౌరవనీయులైన నాగమణి గారికి, అలసటగా ఉన్నందున గురువారం ఒక్క పూట సెలవు ఇవ్వ ప్రార్థన' అని రాసి చదివి వినిపించాను. ఆమె కాగితం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసి అడిగింది.

"బువ్వ తిని పండుకుంటావా?"

"పండుకుంటా."

కాగితం మీద అడ్డంగా ఒక గీత గీసింది. మంజూరు.

సెలవు దొరికిందే గానీ ఏం చెయ్యాలో తెలియలేదు. మరి సారు తన గురువారాలు ఎక్కడ గడుపుతారు? అదే పురుగు బుర్రను తొలిచేసింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆయన ఎక్కిన ప్యాసింజరు రైల్లోనే వెనక పెట్టె ఎక్కాను. పెనుకొండలో తొంగిచూశాను, ఆయన దిగలేదు. ధర్మవరంలో దిగి, సందులన్నీ తిరిగి, మగ్గం చప్పుడు వినిపించే ఒక ఇంట్లోకి పోయారు. కాసేపాగి కిటికీలోంచి చూద్దును కదా, మగ్గం పక్కన చాప మీద సారు గుర్రుపెడుతున్నారు!

"ఎవురప్పా నువ్వు? చీరలకొచ్చినావా?" అని మగ్గం మీది పెద్దాయన కేకేశాడు. సారు కళ్లు తెరిచి నన్ను చూశారు. కోప్పడకుండా పక్కకు జరిగి చాప మీద చోటిచ్చారు.

"వీడు నాతో మూడో తరగతి చదివినోడు. ఈడ నన్ను సారూ అని పిలిచేటోళ్లు లేరబ్బా. ఆడ మీరంతా నన్ను చూసి ధైర్యం తెచ్చుకుంటాండారు. మరి నేను యాడ తెచ్చుకోవల్ల?"

"వచ్చేది, సంగటి తినేది, పండుకునేది. ఇన్నేండ్లలో ఒక్క పోగన్నా పట్టుకున్న పాపాన పోలేదు" అని పెద్దాయన వెక్కిరించాడు.

ఆ చప్పుడులో నేనూ నిద్రపోయాను, ఎన్నాళ్లకో. కోపం పోయిందా అంటే పోలేదు. కాకపోతే అది వచ్చేముందే నాకు తెలియడం మొదలైంది. నాగమణి నా ముందు మళ్లీ పరిగెత్తడానికి నెల పట్టింది. ఆ నెలంతా నన్ను గ్రౌండు నుంచి వెళ్లగొట్టకుండా ఓపిక పట్టినందుకు సారుకు రుణపడి ఉన్నాను. ఆయనకు ఆ మాట ఎప్పుడూ చెప్పలేదు.

సారును సాగనంపిన మూడో రోజు పిల్లల తల్లిదండ్రులంతా గ్రౌండుకొచ్చి సారు విజిల్ నా చేతిలో పెట్టారు. నాకు భయమేసింది. ఆపే మనిషి లేడు, నా చెయ్యి మళ్లీ లేస్తే?

నాగమణి సగం రౌండులో ఆగిపోయింది. సారు నిలబడే చోటు వైపు చూస్తోంది. నేను నడుచుకుంటూ పోయాను. ఆమె చేతులు తల మీదికి లేవలేదు. పక్కనే సున్నం గీత మీద నేను కూలబడితే, తనూ కూర్చుంది.

"సారు రాడా నాయనా?"

"రాడమ్మా."

తర్వాత ఆమే లేచి మిగతా సగం పరుగందుకుంది. కూర్చున్నప్పుడు ప్యాంటుకు అంటిన సున్నం, అవతలి మలుపు తిరిగేదాకా తెల్లగా కనిపిస్తూనే ఉంది.